సచ్చే గోమారి కావాల

జూన్ 9, సోమవారం

ఈ డైరీ ఎవురో మందుల ఏజెంటు మా ఆఫీసు పెద్ద పార్థిబన్ సార్‌కి ఇచ్చింది. సార్‌కి అన్నీ ఫోన్‌లోనే. "తణికా, నీ వెచ్చుక్కో", నువ్వే పెట్టుకో అని నా మీదికి ఎగరేసినాడు. సగం సంవత్సరం అయిపోయినాక డైరీ మొదలుపెట్టేవాడు ఈ తిరువళ్ళూరులో నేనొక్కడినే ఉంటాను.

తెలుగులో రాస్తా ఉండాను. ఆఫీసులో తెలుగు చదివేటోళ్ళు లేరు, ఇంట్లో పిల్లోళ్ళకి తమిళ అచ్చరం తప్ప ఇంకోటి రాదు. మా నాయన తిరుమలయ్య పలక మీద నేర్పించిన తెలుగు ఇది, ఇస్కూల్లో నేర్చింది కాదు. తప్పులుంటే ఎవురు చూడొచ్చినారు.

పని మామూలే. పశువుల మీద నెత్తురు తాగే గోమార్లు, అదే పిడుదులు, ఏరుకొని రావాల, కడగాల, తూకం వేయాల, మందులో ముంచాల, సచ్చినాయా లేదా చూడాల. మణవాళనగర్‌లో టైలర్ అంగడి మీద మేడ, అదే మా లాబ్. ఆ ప్రాజెక్టు పోయి ఈ ప్రాజెక్టు వచ్చింది గానీ ఆరేండ్లుగా నాకు గోమారే కూడు పెడతా ఉండాది. ఇంట్లో నా పెండ్లాం వనజ నా చొక్కాలకి వేరే బకెట్ పెట్టింది.

జూన్ 11

ఉత్తరాది నుంచి పార్సిల్ వచ్చింది. యాడో పెద్ద సంస్థలో ముప్పై ఏండ్లుగా ఏ మందూ తగలనీకుండా పెంచుకొచ్చిన గోమార్లంట. మందు చుక్క పడితే సచ్చేవి. ఏ ఊరి గోమారి ఎంత మొండిదో చెప్పాలంటే పక్కన మెత్తనిది ఒకటి ఉండాల, దాంతో పోల్చి కొలవాల. దాన్ని రెఫరెన్స్ అంటారు.

భవ్యశ్రీ పెట్టె విప్పింది. ఈ పాప చెన్నై నుంచి వచ్చి మా దగ్గర రీసెర్చ్ చేస్తా ఉండాది. మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. పెట్టెలో అన్నీ సచ్చిపోయి ఉండాయి. ఐదు దినాలు లారీలో ఉడికినాయి గదా.

సార్ ఒక్కొక్కదాన్నీ లెన్సు కింద పెట్టి తిప్పి తిప్పి చూసినాడు. "సార్, మెత్తనివని రుజువైపోయింది, పార్సిల్‌కే సచ్చినాయి" అన్నాను. సార్ నవ్వలా. భవ్యశ్రీ నవ్వి మళ్ళా నోరు మూసుకునింది.

ఇప్పుడు మన పక్కనే ఏ మందూ ఎరగని ఆవుల్ని వెతకాల. రివ్యూ కమిటీ ఆగస్టు ఆఖర్లో వస్తాది. సచ్చే గోమారి దొరక్కపోతే ప్రాజెక్టు ఆడికి సరి, నా కాంట్రాక్టూ ఆడికి సరి.

జూన్ 13

పూండి పక్క ఊర్లు తిరిగినాను. "మీ ఆవులకి గోమారి మందు యానాడన్నా వేసినారా" అని అడిగితే ఒక ముసలాయన నొచ్చుకున్నాడు. "వెయ్యకుండా ఉండేదానికి మేమేం సోమరిపోతులమా" అన్నాడు. వరికి కొట్టేది, మామిడికి కొట్టేది, ఇంట్లో బొద్దింకకి కొట్టేది, చేతికి దొరికిందల్లా కొట్టినారు. ఒకామె పేన్ల షాంపూ రుద్దింది. గోమార్లు అట్లనే ఉండాయి, ఆవు మాత్రం నున్నగా మెరస్తా ఉండాది.

జూన్ 14

తిరుత్తణి. కొండకి అవతల పక్క గుణ అనే ఆయన పొగాకు డబ్బాలో గోమార్లు పట్టి పెట్టుకొని నా కోసం కాచుకొని ఉండాడు. "మావి సావవు సార్, ఏం పోసినా సావవు." ఆ మొగంలో కొడుక్కి స్టేట్ ర్యాంకు వచ్చినంత సంతోషం. నాకు సచ్చేవి కావాలయ్యా అంటే మొగం వాడిపోయింది.

"సచ్చేవాటికి టెస్టు ఎందుకు సార్" అన్నాడు.

డబ్బా తీసుకున్నాను. మొండివి కూడా కావాల్సినవే గదా, టెస్టు చేసేదే వాటికి.

జూన్ 17

మా ఊరికి పోయినాను. తిరువాలంగాడు స్టేషన్లో దిగి ఆటోలో పది నిమిషాలు, నల్లయ్యకండ్రిగ. లిస్టులో మా ఊరూ ఉండాది, నేనేం చేసేది.

కస్తూరక్క పేడ ఎత్తతా ఉండింది. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేండ్లు, అక్కకి పదహారు. తమ్ముణ్ణి చంకనేసుకొని పెండ్లిపీట ఎక్కింది అని ఊర్లో ఇప్పుడు కూడా అక్కని ఎగతాళి చేస్తారు. బావ పోయినాక అక్కకి ఉండేది ఆ ఒక్క ఆవే, టీచరమ్మ. మనం ఏం చేసినా తప్పు పట్టినట్ల చూస్తాది, అందుకని ఆ పేరు. ఇప్పుడు ఆరు నెలల సూడి. ఈసారి పెయ్యదూడ పుడితే ఇంక నా బతుక్కి భయం లేదురా అనింది అక్క.

చెవుల వెనక, పొదుగు సందుల్లో గోమార్లు, ఆముదం గింజలంతేసి. నలభై ఏరినాను. ఫారం తీసినాను. పేరు, ఊరు, ఆవు వయసు. ఆఖరి గడి: గత ఐదేండ్లలో వాడిన మందులు.

అక్క పక్కనే నిలబడి, "రాయి, మా తమ్ముడు తెచ్చే ఆఫీసు మందు అని రాయి" అనింది.

నేను రాసినాను: ఏమీ లేదు.

జూన్ 18

రాసింది అబద్దం కాదు. వాడిన మందు అంటే అంగట్లో కొన్న మందు అని అర్థం. అక్క ఏ అంగట్లోనూ కొనలా.

టెస్టు అయినాక బీకర్లలో మందు మిగల్తాది. బాగా నీళ్ళు కలిపింది ఒకటి, కొంచెం కలిపింది ఒకటి, ఆ రకం ఈ రకం. పారబొయ్యాలంటే దానికో గుంట, ఒక రిజిస్టరు, రెండు సంతకాలు. అక్క చేతికింద పెరిగినోడికి పారబొయ్యడానికి మనసు రాదు. అన్నీ ఒకే క్యాన్‌లో పోసుకొని నెలకోసారి ఊరికి తీసుకొని పోతాను. టీచరమ్మకి కొడతాను. పాల సొసైటీ ప్రెసిడెంటు జయరామ మామ అడిగితే ఆయన ఆవులకి కొడతాను. తక్కినోళ్ళు అడిగితే వాళ్ళవాటికీ. ఊర్లో దాన్ని "తణిక చేతి మందు" అంటారు. ఆ పేరు నాకు ఇష్టమే, దాచేదేముంది.

పల్చని మందు సావగొట్టదు, గోమారికి అలవాటు చేస్తాది అని సార్ ట్రైనింగ్‌లో చెప్పింది నాకు తెలుసు. అది రైతుల గురించి చెప్పింది.

ఆ గడిలో నిజం రాస్తే ఉద్యోగం పోతాది. అందుకని రాయలేదని మాత్రం కాదు.

జూన్ 19

సార్ మా ఊరి ఫారం చూసి కుర్చీలోంచి లేచినాడు. "అంజు వర్షమా ఒణ్ణుమే ఇల్లయా? తణికా, ఇదుదాన్ నమ్మ రెఫరెన్స్." ఇదే మన రెఫరెన్స్ అని. ఐదేండ్లుగా ఏ మందూ పడలేదు గాబట్టి మా అక్క ఆవు మీది గోమార్లే లోకంలోకెల్లా మెత్తనివని తేల్చేసినాడు.

"సార్, ఇంకోసారి విచారించుకొని" అన్నాను.

"ఫారం సొల్లుదు" అన్నాడు. ఫారమే చెప్తా ఉండాదంట, ఇంక నేనెవురు.

సీసా మీద తణికా స్ట్రెయిన్, అంటే తణికా వంశం, అని ఇంగ్లీషులో రాసి అతికించినాడు. ఇంట్లో చెప్పినాను. "పేరు పెట్టుకునేదానికి వాళ్ళకి ఇంకేమీ దొరకలేదా" అనింది వనజ.

జూన్ 20

అబద్దం కాదు.

జూలై 3

గుడ్లు పెట్టినాయి. ఒక్కో గోమారి రెండు వేల పైన. సార్ సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకొని "రొంబ హెల్తీ", శానా ఆరోగ్యంగా ఉండాయి అన్నాడు.

జూలై 22

పిల్లలైనాయి. ఆవగింజ కంటే సన్నం, సీసాలో గుంపుగా పైకి ఎక్కతా ఉండాయి. వీటిని చూస్తే నాకు వేరే పని జ్ఞాపకం వస్తాది. కిటికీ పక్కకి పోయి నిలబడతాను.

ఆగస్టు 4

టెస్టు. మందులో తడిపి ఆరబెట్టిన కాయితాన్ని పొట్లం కట్టి, నూరు పిల్లల్ని లోపల వేసి, క్లిప్పులు పెట్టి మూసేస్తాము. ఒక దినం ఆగి విప్పి లెక్కపెడతాము. నడిస్తే బతికినట్టు, కాళ్ళు మాత్రం కొట్టుకుంటే సచ్చినట్టు రాయాల. కొన్ని దొంగలు, కదలకుండా పడుకొని ఉంటాయి. వాటి మీద నోటితో మెల్లిగా ఊదాల. మనిషి ఊపిరి తగిలితే ఆవు వచ్చిందనుకొని లేస్తాయి. ప్రభుత్వం నాకు జీతం ఇచ్చేది గోమార్ల మీద ఊదేదానికి.

ఆగస్టు 5

తిరుత్తణి గుణ డబ్బాలోవి బాటిల్ మీద రాసిన మోతాదుకి సగం సచ్చినాయి. ఏం పోసినా సావవన్నాడు పాపం. పూండివి ఇంకా ఎక్కువ సచ్చినాయి.

తణికా స్ట్రెయిన్ పొట్లం నేనే విప్పినాను. ఊదే పని లేకపోయింది. విప్పతానే బిలబిలమని నా చెయ్యి మీదికి ఎక్కినాయి. రెండు రెట్లు, నాలుగు రెట్లు, ఎనిమిది రెట్లు. ఎనిమిది రెట్ల మందు కాయితం మీద ఒక దినమంతా ఉండి కూడా తిరణాలకి వచ్చినట్ల తిరగతా ఉండాయి.

భవ్యశ్రీ, "సార్, రెఫరెన్సే సావకపోతే ఎట్ల సార్, ఇది రెఫరెన్స్ కాదేమో" అని తమిళంలో అనింది. సార్ గోడ మీది క్యాలెండరు చూసినాడు. కమిటీ మూడు వారాల్లో వస్తాది. ఫారం తీసి ఇంకోసారి చదివినాడు. ఏమీ లేదు అని ఉండాది, కింద నా సంతకం.

"మందే పడలేదు గదా, అట్లయితే ఇది మన నేల స్వభావం" అన్నాడు. "దీన్నే ఒకటి అనుకుందాం. తక్కినవి దీంతో పోల్చు."

పోల్చితే ఏమవుతాది? తక్కిన ఊర్లన్నీ ఒకటికి తక్కువే. పూండి పాయింట్ రెండు, తిరుత్తణి పాయింట్ మూడు. మా పక్క యాడా మందుకి ఎదురు నిలబడే గోమారే లేదు, పాత మందే భేషుగ్గా పని చేస్తాదని రిపోర్టు. గ్రాఫు శానా అందంగా వచ్చింది. నేను రాసిన రెండు మాటల మీద నిలబడి ఉండాది ఆ గ్రాఫు.

నోరు తెరవాల్సింది. టీ తేవడానికి పోయినాను.

ఆగస్టు 8

రిపోర్టుని ఒక్క పేజీ తమిళ నోటీసు చేసి పాల సొసైటీలకి పంపించినాము. పైన "ఉణ్ణి మందు ఎదిర్పు శక్తి" అని తలకట్టు. ఉణ్ణి అంటే తమిళంలో గోమారి. మందుకి గోమారి ఎంత ఎదురు నిలబడతాదో ఆ శక్తి అని సార్ అర్థం. కింద ఊర్ల పేర్లు, నంబర్లు. పూండి పక్క ఇల్లై, అంటే లేదు, తిరుత్తణి పక్క ఇల్లై. మా ఊరికి ఎదురుగా మాత్రం 1.0.

ఆగస్టు 9

తిరుత్తణి నుంచి గుణ ఫోన్. "మా ఆవులకి ఎదిర్పు శక్తి లేదని ఎట్ల రాస్తారు సార్? పాలు కొనేవాళ్ళు ఏమనుకుంటారు?"

అప్పుడు నాకు తట్టింది. కరోనాలో ఇంటింటికీ కషాయం పోసి నేర్పిన మాట గదా ఎదిర్పు శక్తి. రోగం రానీకుండా ఆపే బలం అని ఆడోళ్ళకీ మొగోళ్ళకీ అందరికీ తెలుసు. నోటీసులో మొదటి రెండు మాటలు ఎవురు చదువుతారు. ఎదిర్పు శక్తి, నంబరు, అంతే చదివినారు. చెప్పబోతే, "ఆ నల్లయ్యకండ్రిగ వాళ్ళకి మాత్రం ఒకటా? మీ ఊరని వేసుకున్నారు" అని పెట్టేసినాడు.

సాయంత్రం జయరామ మామ ఫోన్ చేసినాడు. ఆయన గొంతు నిండా సంతోషం. "అల్లుడూ, ముదల్ ఇడం మనకే అంట గదా." మొదటి స్థానం వచ్చిందంట మా ఊరికి. సన్మానం పెడతారంట నాకు.

ఆగస్టు 12

అక్క ఫోన్. నోటీసులో చెప్పినట్ల సొసైటీలో పాత మందు ఇచ్చినారు, బాటిల్ మీద రాసినట్లే కలిపి కొట్టింది, ఒక్కటీ రాలలా. "నీ చేత్తో కొడితే గదరా రాలేది. వచ్చి కొట్టిపో. ఆవు కసువు సరిగ్గా మెయ్యడం లేదు" అనింది.

నా చేత్తో కొడితే ఆరేండ్లుగా ఏం రాలినాయో నాకు తెలుసు.

ఆగస్టు 14

ఊరికి పోయినాను. క్యాన్ ఎత్తుకొని పోయినాను. దాంట్లో నీళ్ళు. ఉత్త కొళాయి నీళ్ళు. ఇంక మందు తగిలిస్తే గోమార్లు ఇంకా మొండికేస్తాయి, కొట్టకపోతే అక్క మనసు కష్టపడతాది. అందుకని నీళ్ళు. ఆలోచించే చేసినాను.

టీచరమ్మకి ఒళ్ళంతా కొట్టినాను. చెవుల్లో, తోక కింద, శ్రద్ధగా. అక్క పంపు పట్టుకునింది. టీచరమ్మ తల తిప్పి నన్నే చూస్తా ఉండింది.

"ఈసారి మందు వాసనే లేదే" అనింది అక్క.

"కొత్త రకం" అన్నాను.

ఆగస్టు 15

జెండా. ఆరంజి మిఠాయి. నీళ్ళు కొడితే తప్పేం లేదు.

ఆగస్టు 18

టీచరమ్మకి జరం. మూత్రం టీ డికాషన్ రంగులో పడతా ఉండాది, చిగుళ్ళు తెల్లగా పాలిపోయినాయి. గోమారి జరం. ఊరి పశువుల డాక్టరు సూది వేసినాడు. "జరానికి నేను సూది వేస్తాను, గోమార్లు దిగకపోతే మళ్ళా వస్తాది. సూడి ఆవు, రెండు ప్రాణాలు. ఏ మందుకి దిగతాయో నీ ఆఫీసే చెప్పాల గదా" అన్నాడు.

మా ఆఫీసు చెప్పింది. పాత మందుకే దిగతాయని అచ్చు వేసి చెప్పింది.

అక్క ఏడవలా. కొష్టంలో చాప పరిచి టీచరమ్మ తలకాయ పక్కన కూర్చునింది. అన్నం తినకుండా రైలు ఎక్కినాను.

ఆగస్టు 20



నిన్న డైరీని తూకం మిషన్ పక్కన మర్చిపోయి ఇంటికి పోయినాను. పొద్దున తెరిచి చూస్తే జూన్ 18 పేజీలో పెన్సిల్ గుర్తులు. అబద్దం అనే మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ముత్యాల్లాంటి అచ్చరాలు:

"అబద్ధం. ద కింద ధ వత్తు ఇవ్వాలన్నా."

జూన్ 20న ఇంకో సున్నా. ఆగస్టు 5న ఎనిమిది రెట్లు అనేదాన్ని కొట్టేసి, "పదహారు. నేను విడిగా చేసి చూసినాను" అని ఉండాది. ఆగస్టు 14న ఏమీ రాయలా, నీళ్ళు అనే మాట కింద గీత మాత్రం.

భవ్యశ్రీ మైక్రోస్కోపులోంచి తల ఎత్తలా. "మా అమ్మమ్మది పుత్తూరు అన్నా. ఎండాకాలం సెలవల్లో ఆమె దగ్గిర నేర్చుకున్నాను" అని తెలుగులో అనింది. మూడు నెలలుగా తమిళంలో తప్ప మాట్లాడని పిల్ల.

"సార్‌కి చెప్తావా పాపా" అన్నాను.

"డైరీ మీది గదా అన్నా. మీరే చెప్పండి" అనింది. కాసేపాగి, "ఆవు ఎట్లుంది" అని అడిగింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ముప్పై ఎనిమిదేండ్లోడిని, సీసాల మధ్య నిలబడి ఏడ్చినాను.

ఆగస్టు 21, 22

సార్ చెన్నైలో. ఫోన్‌లో చెప్పే మాట కాదు.

ఫోన్‌లో చెప్పొచ్చు. చెప్పలేదు. అబద్ధం రాయను ఇంక.

ఆగస్టు 24, ఆదివారం

సన్మానం.

సొసైటీ బిల్డింగు ముందర ఇరవై అడుగుల ఫ్లెక్సు. దాంట్లో నేను కోటు వేసుకొని ఉండాను. ఆ కోటు ఎవురిదో, దాని మీద నా తలకాయ. ఇంకో పక్క నల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన నవ్వతా ఉండాడు. ఎవురు మామా ఈయన అంటే జయరామ మామ కూడా తల గోక్కున్నాడు. ఉణ్ణి బొమ్మ వెయ్యమని చెప్పినారంట. ఫ్లెక్సు అంగడోడు ఫోన్‌లో ఉణ్ణి అని వెతికితే ఉణ్ణి అనే పేరున్న కేరళ ఆయన ఎవురో వచ్చినాడు, ఆయన్నే వేసేసినాడు. మధ్యలో పెద్ద అచ్చరాలతో "ఎదిర్పు శక్తియిల్ ముదల్ ఇడం". పార్థిబన్ సార్ చెన్నై నుంచి నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన భవ్యశ్రీ. అక్క రెండో వరసలో.

పొన్నాడ, అదే సన్మానం శాలువా, కప్పినారు. అంచు జరీ, బుజాలకి గుచ్చుకుంటా ఉండాది. మైకు ఇచ్చినారు.

నేను తమిళంలో చెప్పినాను. మన ఊరి ఉణ్ణికి ఈ ఎదిర్పు శక్తి రావడానికి కారణం నేనే అన్నాను. చప్పట్లు. ఆరేండ్లుగా ఆఫీసులో మిగిలిన పల్చని మందు తెచ్చి మీ ఆవులకి కొట్టింది నేను అన్నాను. ఇంకా గట్టిగా చప్పట్లు. వెనక ఎవురో విజిల్ వేసినారు.

అర్థం కాలేదేమో అని తెలుగులో అందుకున్నాను. "నేను పాపం చేసినాను. శక్తి వచ్చింది ఆవులకి కాదు, గోమార్లకి. అవి ఇంక ఆ మందుకి సావవు. ఫారంలో ఏమీ లేదని అబద్ధం రాసినాను."

జయరామ మామ మైకు లాక్కున్నాడు. "చూసినారా, ఇంత చేసి కూడా ఏమీ చేయలేదని రాసుకున్నాడంట. అంత అణకువ మా అల్లుడిది." మేళం వాయించమని చెయ్యి ఊపినాడు.

ముందు వరసలో సార్ మొగం తెల్లకాయితం అయిపోయింది. ఆయనకి తెలుగు రాదు, తమిళం సాలు. భవ్యశ్రీ ఆయన చెవిలో ఏందో చెప్తా ఉండాది, వేళ్ళ మీద లెక్క చూపిస్తా. రెండో వరసలో అక్క చప్పట్లు కొట్టలా. లేచి ఇంటికి పోయింది.

పొన్నాడతోనే వెనక పోయినాను. అక్క టీచరమ్మ దగ్గిర నిలబడి ఉండాది.

"మొన్న కొట్టిందేందిరా?"

"నీళ్ళక్కా."

"అంతకు ముందు?"

"ఆఫీసులో పారబొయ్యాల్సిన మందు."

అక్క టీచరమ్మ మెడ నిమిరింది. "నేను ఊరంతా చెప్పుకున్నాను గదరా, నా తమ్ముడు, నా తమ్ముడు అని" అనింది. లోపలికి పోయి గిన్నెలో ఉప్పునీళ్ళు తెచ్చి నా ముందర పెట్టింది. "కూర్చో. ఏరు."

ఏరినాను. వీటికి ఏ మందన్నా లెక్క లేదు గానీ వేలికీ గోటికీ ఎదురు నిలబడే ఎదిర్పు శక్తి ఇంకా రాలా.

ఆగస్టు 25

సార్ కేకలు వెయ్యలా. వేసుంటే బాగుండేది. "ముదల్లయే సొల్లిరుక్కలామే" అని మూడుసార్లు అన్నాడు, ముందే చెప్పి ఉండొచ్చు గదా అని. తర్వాత గ్రాఫు చించినాడు. భవ్యశ్రీ పదహారు రెట్ల లెక్క ఆయన ముందర పెట్టింది. సచ్చే గోమార్లని మళ్ళా పంపమని ఉత్తరాదికి రాసినారు, ఈసారి ఐసు పెట్టి. కమిటీకి రిపోర్టు తప్పని తెలిపినారు. అన్ని ఊర్లకీ ఇంకో నోటీసు పోయింది, దాంట్లో శక్తి అనే మాటే లేదు. పాత మందు ఆపండి అని ఉండాది, అంతే.

మా ఊరికి వేరే రకం సూదిమందు రాసినాడు సార్, సూడి ఆవుకి ఇబ్బంది లేనిది చూసి. నా కాంట్రాక్టు సెప్టెంబరు ముప్పైతో సరి. అంతవరకూ గోమార్లు ఏరే పని నాదే.

ఆగస్టు 29

నాలుగు దినాలుగా పొద్దున రైల్లో పోయి ఏరి ఆఫీసుకి వస్తా ఉండాను. నిన్న భవ్యశ్రీ కూడా లాబ్ పట్టకారు ఎత్తుకొని వచ్చింది. టీచరమ్మ ఆమెని ఒకసారి చూసి తల తిప్పుకునింది. పరీక్ష పాసైనట్లు. సూదిమందు పని చేస్తా ఉండాది. మూత్రం రంగు మారింది.

ఉద్యోగం పోతాదని చెప్పినాను. "మంచిదే. ఏరేదానికి మనిషి కావాల" అనింది అక్క.

సెప్టెంబరు 9

రాత్రి ఊర్లోనే ఆగిపోయినాను. తెల్లవారి ఐదింటికి టీచరమ్మ ఈనింది. పదహైదు దినాలు ముందే. దూడ పిడికెడు. ఊపిరి ఆడతా ఉండాదో లేదో తెలియలా. మూతి దగ్గిర మెల్లిగా ఊదినాను, గోమార్ల మీద ఊదినట్లే. తల ఎత్తింది.

తుడిచేదానికి గుడ్డ కావాలని అక్క అరిస్తే చేతికి దొరికింది పొన్నాడే. జరీ తగలకుండా లోపలి పక్క తిప్పి చుట్టినాను.

పెయ్యే.

సెప్టెంబరు 14

దూడకి ఐదు దినాలు. నిలబడతాది, పడతాది, మళ్ళా నిలబడతాది. అక్క ఇంకా పేరు పెట్టలా.

పొద్దున దాన్ని ఒళ్ళో వేసుకొని చెవి తిప్పి చూసింది. చెవి వెనక ఒకటి ఉండాది, చిన్నది, ఇంకా రక్తం నిండలేదు. అక్క గోటితో పీకి, నా అరచెయ్యి విప్పించి దాంట్లో పెట్టింది.

"తీసుకో. నీదే."

కోపంగా అనింటే తట్టుకునేవాణ్ణి. చిన్నప్పుడు నేను యాడో పారేసుకున్న బలపం వెతికి తెచ్చి ఇట్లనే చేతిలో పెట్టేది.

సీసాలో వేసుకొని కొష్టం గట్టు మీద కూర్చొని ఫారం తీసినాను. ఊరు, నల్లయ్యకండ్రిగ. పశువు వయసు, ఐదు దినాలు. ఆఖరి గడి, గత ఐదేండ్లలో వాడిన మందులు. ఐదు దినాల దూడకి ఏమీ లేదు అని రాస్తే ఈసారి అది నిజమే. సంతకం పెట్టి లేచిపోవచ్చు.

తణికాచలం, ఆఫీసు క్యాను, ఆరేండ్లు అని మొదలుపెట్టినాను. గడి చాల్లేదు. ఫారం తిప్పి వెనక పక్క రాసినాను.